ముక్క విరగకుండా నెల్లూరు చేపల పులుసు తిరుపతిలో కుదురుతుందా?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెళ్లయి ఏడాది, తిరుపతి కొర్లగుంటలో ఉంటున్నారు, నెల్లూరు ఫ్రెండ్ వాళ్లింట్లో చేపల పులుసు తిన్నాక అదే రుచి కోసం మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ ముక్కలు విరిగిపోయి ముళ్లు మిగిలాయి, పులుసు నీళ్లలా తేలిపోయింది, నీచు వాసనకి మీ ఆవిడ ఆ గిన్నెని బాల్కనీలో పెట్టించింది. ఇప్పుడు ఆదివారం అత్తమామలు వస్తున్నారు, వాళ్లు చేపల పులుసే కావాలన్నారు. మీ టెన్షన్ అర్థమైంది.

ముందు జవాబు చెప్పేస్తాను. పులుసు ముందే పూర్తిగా మరిగి నూనె తేలాలి. చేప ఆఖర్న పడాలి. పడ్డాక పది పన్నెండు నిమిషాలకి మించి మంట మీద ఉండకూడదు. గరిటెతో అసలు కలపకూడదు. నాలుగే మాటలు. ఇంకొకటి, శనివారం సాయంత్రమే వండేసి ఆదివారం మధ్యాహ్నం వడ్డించండి. మసాలాల గొడవ, ఏ కంపెనీ కారం అనే గొడవ వీటి తర్వాతే.

నేను ఎవరంటే, మా పుట్టిల్లు సూళ్లూరుపేట అవతల, పులికాట్ ఒడ్డున. 1995లో పెళ్లయి తిరుపతి వచ్చాను. పన్నెండేళ్లుగా ఆదివారాలు ఇంట్లోనే చేపల పులుసు ఆర్డర్ మీద వండి ఇస్తాను, కిలో నుంచి పదిహేను కిలోల దాకా. మా చిన్నప్పుడు మా ఊరు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట, తడ అంతా తిరుపతి జిల్లాలోకి వచ్చింది, అంటే కాగితం మీద మా అమ్మ పులుసు ఇప్పుడు తిరుపతి పులుసే. కాకపోతే ఆ మాట మా అన్న ముందు అంటే ఊరుకోడు.

మీరు చూసిన వీడియో గురించి రాశారు కదా, "సన్నసెగ మీద గంటన్నర ఉడికించారు, మేమూ అలాగే చేశాం" అని. తప్పు అక్కడే జరిగింది. ఆ వీడియోలోది గోదావరి జిల్లాల పులస పులుసు అయుంటుంది. పులస వేరే చేప. సముద్రం నుంచి వానాకాలంలో గోదావరికి ఎదురీది వచ్చే చేప అది, ఒంటినిండా కొవ్వు, ఒంటినిండా సన్న ముళ్లు. దాన్ని మట్టి దాకలో చాలాసేపు సన్నసెగ మీద ఉంచుతారు, బెండకాయలు కూడా వేస్తారు, ఆ కొవ్వంతా పులుసులోకి దిగాలి. ఆ పద్ధతి తీసుకొచ్చి చెరువు శీలావతికి పెడితే ఏమవుతుంది? మీ గిన్నెలో అయిందే అవుతుంది.

మాంసానికీ చేపకీ తేడా ఒక్క ముక్కలో చెప్తాను. మటన్‌లో కండ పొడుగు పోగులుగా ఉంటుంది, వాటిని పట్టుకునే జిగురు పదార్థం గట్టిది, అది కరగాలంటే గంటలు పడుతుంది. చేప కండ చిన్న చిన్న పొరలుగా ఉంటుంది, ఉడికిన ముక్కని వేలితో నొక్కితే పలకలుగా ఊడి వస్తుంది చూడండి, అవే. ఆ పొరల్ని అతికించి ఉంచే జిగురు చాలా తక్కువ వేడికే కరిగిపోతుంది. అది కరిగాక ముక్క ఆకారంలో నిలబడి ఉందంటే మనం కదపలేదు కాబట్టి నిలబడింది, అంతే. ఇక గరిటె తగిలితే ఏముంటుంది.

మా అత్తగారిది చిత్తూరు వైపు. ఆమె చేతి మటన్ కూరకి నేను ఇప్పటికీ దండం పెడతాను, కానీ చేపల్ని కూడా ఆమె మటన్‌లాగే చూసేది. నేను కొత్త కోడలిగా వచ్చిన మొదటి నెలలో వంజరం తెప్పించారు. నేను పులుసు కాచి, ముక్కలు పరిచి, మూత పెట్టి పక్కింటికి కరివేపాకు కోసం వెళ్లాను. వచ్చేసరికి ఆమె గరిటె అడుగుదాకా దింపి "అడుగంటుతుందేమోనని కలిపాను" అంది. అడుగంటలేదు, ముక్కలే ముక్కలయ్యాయి. మా మామగారు ముళ్లు ఏరుకుంటూ తిని ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ. ఆ రోజు నుంచి నేను చేప పొయ్యి మీద ఉండగా వంటింట్లోంచి కదలను. మీరూ కదలకండి, ఫోన్ వచ్చినా.

ఏ చేప కొనాలి. ఆదివారం ఎవరో ముఖ్యమైనవాళ్లు వస్తున్నారు కాబట్టి ప్రయోగాలు వద్దు. రెండు కిలోలకి తగ్గని శీలావతి, అదే రోహు, తీసుకోండి. చిన్నది తీసుకుంటే సన్న ముళ్లు ప్రాణం తీస్తాయి, పెద్దదాంట్లో ముల్లు కంటికి కనిపిస్తుంది. బొచ్చె కూడా బాగుంటుంది, దాని తల పులుసుకి ఇచ్చే రుచి శీలావతి ఇవ్వదు, కానీ కండ కొంచెం మెత్తన, మొదటిసారి చేసేవాళ్లకి చెయ్యి తిరగదు. డబ్బు పరవాలేదనుకుంటే కొర్రమీను. ముళ్లు తక్కువ, కండ గట్టి, మీరు ఒకటి రెండు తప్పులు చేసినా అది క్షమిస్తుంది. నెల్లూరు వాళ్లు పులుసుకి కొర్రమీను, బొమ్మిడాయిల తర్వాతే ఇంకేదైనా అంటారు. బొమ్మిడాయిలు మాత్రం ఇప్పుడే వద్దు. అవి శుభ్రం చేయడమే ఒక పూట పని. మా అమ్మ వాటిని చట్టిలో వేసి కల్లుప్పు, బూడిద చల్లి, గరుకు రాయి మీద ఒక్కొక్కదాన్నీ తెల్లగా వచ్చేదాకా రుద్దేది. ఆ జిగట పోకపోతే పులుసంతా జిగటే.

వంజరం ఎందుకు చెప్పలేదంటారా. వంజరం వేపుడికి రాజు, పులుసులో నాకు అది కాస్త పొడిగా, విడివిడిగా అనిపిస్తుంది. ఖరీదు పెట్టి పులుసులో ముంచడం దండగ అని నా అభిప్రాయం, వేరేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

సముద్రపు చేప కొనేటప్పుడు నెల కూడా చూసుకోండి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో బండి మీద పెద్ద వంజరం తాజాగా మెరుస్తూ కనిపిస్తే, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని రోజులు ఐసులో ఉందని అడగండి. ఆ రెండు నెలలు నేను చెరువు చేపకే పరిమితం. అలాగే పెరటాసి నెల (తమిళ నెల, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా). మన తిరుపతిలో ఆ నెల సగం ఇళ్లలో నీచు ముట్టరు, బేరాలు పడిపోతాయి, దుకాణంలో సరుకు మామూలుకన్నా ఎక్కువ రోజులు నిలవుంటుంది. ఆ నెలలో కొనాల్సి వస్తే తొట్టిలో ఈదుతున్నది చూపించి కొట్టించుకుంటాను.

చూసి కొనడం పెద్ద విద్య కాదు. కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉండాలి, గుంట పడి తెల్లబడితే వదిలేయండి. చెవుల దగ్గర మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. కండని బొటనవేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. మొప్ప ఒక్కటే చూసి మోసపోకండి, వేలు పెట్టి నొక్కడానికి దుకాణంవాడు ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి వెళ్లండి.

కానాగడతలు, వంజరం, ట్యూనా లాంటివి కొనేటప్పుడు ఒక హెచ్చరిక. ఇవి పట్టిన తర్వాత ఐసు లేకుండా ఎండలో ఉంటే కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి తయారైతే ఎంత ఉడికించినా, ఎంత వేయించినా పోదు. ఏడెనిమిదేళ్ల క్రితం సాయంత్రం పూట తక్కువకి వస్తున్నాయని కానాగడతలు కొన్నాను. తిన్న అరగంటకి మా ఇద్దరికీ మొహం ఎర్రబడి మంట, తలనొప్పి. డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. వంటలో తప్పేమీ లేదు, ఆ చేప పొద్దున్నుంచి ఎండలో బండి మీద ఉంది. అప్పటి నుంచి సాయంత్రం చౌక చేప నాకు వద్దు.

కొట్టించేటప్పుడు "అంగుళం పైన మందంగా కొట్టన్నా" అని చెప్పండి. మన దగ్గర అడక్కపోతే వేపుడుకి కొట్టినట్టు సన్నగా కొట్టేస్తారు. పులుసుకి సన్న ముక్క పనికిరాదు. రెండు కిలోల చేప శుభ్రం చేశాక తలతో కలిపి కిలోన్నర కన్నా తక్కువే చేతికొస్తుంది, నలుగురికి అది ధారాళం. తల పారేయించకండి, రెండుగా చీల్చమనండి. కడుపులో ఆకుపచ్చగా ఉండే చేదు తిత్తి పగలకుండా తీయమనండి, అది పగిలి కండకి అంటితే మీరు ఏం చేసినా ఆ చేదు పోదు.

ఇప్పుడు నీచు సంగతి, మీ ఆవిడ పక్షాన.

నీచు వాసనకి రెండు మూలాలు ఉన్నాయి, జనం రెండిటినీ కలిపేస్తారు. సముద్రపు చేప నిలవుండే కొద్దీ ట్రైమిథైలమిన్ అనే వాయువు పుడుతుంది, ముక్కుకి గుచ్చుకునే వాసన అదే. పులుపు తగిలితే అది కండలోనే కట్టుబడిపోతుంది, గాలిలోకి లేవదు. చేపకి చింతపండు, నిమ్మకాయ, మజ్జిగ మన పెద్దవాళ్లు ఊరికే జత చేయలేదు. చెరువు చేపది వేరే వాసన, మట్టి వాసన. చెరువు నీళ్లలో నాచు జాతి సూక్ష్మజీవులు జియోస్మిన్ అనేదాన్ని తయారుచేస్తాయి, అది చేప తోలు కింద చేరుతుంది. తొలకరి పడినప్పుడు మట్టిలోంచి లేచే వాసన కూడా అదే, అక్కడైతే కమ్మగా ఉందంటాం, కంచంలో అయితే లేచిపోతాం. దీనికీ పులుపే విరుగుడు.

అందుకని శుభ్రం ఇలా చేయండి. ముక్కల్ని ముందు మామూలు నీళ్లతో కడిగి, పొట్ట లోపల నల్లటి పొర ఉంటుంది, దాన్ని వేలితో గీకి తీసేయండి. వెన్నుముల్లు పక్కన ముదురు ఎరుపు గీతలా గడ్డకట్టిన రక్తం ఉంటుంది, దాన్ని కత్తి మొనతో తీసేయండి. సగం నీచు ఆ రక్తంలోనే ఉంటుంది, మూడుసార్లలో ఒక్కసారి కూడా మీరు ఇది తీసి ఉండరని పందెం. తర్వాత గుప్పెడు కల్లుప్పు, అర చెంచా పసుపు వేసి మెత్తగా రుద్ది, పుల్ల మజ్జిగ పోసి పది నిమిషాలు ఉంచి రెండుసార్లు కడగండి. నిమ్మరసమైనా సరే, కానీ అరగంట మర్చిపోతే పులుపుకే కండ తెల్లబడి చెదరడం మొదలవుతుంది. పది నిమిషాలు చాలు. కడిగాక జల్లెడ బుట్టలో వేసి నీళ్లన్నీ ఓడనివ్వండి. మీ పులుసు నీళ్లలా అయిందన్నారు కదా, ముక్కతో వెళ్లిన నీళ్లు, ఉడికేటప్పుడు ముక్క వదిలే నీళ్లు, మీరు పోసిన నీళ్లు, మూడూ కలిశాయి.

ఓడిన ముక్కలకి కొంచెం ఉప్పు, పసుపు, చెంచా కారం పట్టించి పక్కన పెట్టండి. పులుసు పని అయ్యేదాకా అవి అలా ఉంటే చాలు.

కొలతలు శుభ్రం చేసిన కిలో ముక్కలకి చెప్తాను, మీరు మీ బరువుకి పెంచుకోండి. చింతపండు 70 నుంచి 80 గ్రాములు. మామిడికాయ వేస్తే 50 చాలు. నూనె 100 మిల్లీలీటర్లు, తగ్గించకండి. ఎర్రగడ్డలు (అదే ఉల్లిపాయలు) మధ్యరకం మూడు, సన్నగా తరిగి. పచ్చిమిరపకాయలు ఐదారు, నిలువుగా చీల్చి. టమాటాలు రెండు. కారం మూడు టేబుల్ స్పూన్లు, కానీ మీ ఇంటి కారం ఘాటు నాకు తెలీదు కాబట్టి రెండున్నరతో మొదలుపెట్టండి. కల్లుప్పు రెండు టేబుల్ స్పూన్లకి కొంచెం తక్కువ, ముక్కలకి పట్టించినది కలుపుకుని. తెల్లగడ్డ (అదే వెల్లుల్లి) ఒక పాయ, కచ్చాపచ్చాగా దంచి. కరివేపాకు రెండు రెబ్బలు. పొడికి ధనియాలు రెండు టేబుల్ స్పూన్లు, జీలకర్ర చెంచా, మెంతులు అర చెంచా, విడిగా దోరగా వేయించి దంచాలి. అల్లం నేను వేయను. గరం మసాలా పొరపాటున కూడా వేయకండి, లవంగం వాసన తగిలిందంటే అది చేపల పులుసు కాదు, ముక్క మార్చిన కోడి కూర.

మామిడికాయ నెల్లూరు పులుసుకి ప్రాణం, దొరికే రోజుల్లో వదలకండి. మన చిత్తూరు వైపు దానికి లోటేముంది, వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీలకి ట్రాక్టర్ల మీద పోయే తోతాపురి పచ్చికాయే తీసుకోండి. దాంట్లో పులుపు మితంగా ఉంటుంది, ముక్క ఉడికినా ఆకారం పోదు. నాటుకాయ అయితే పులుపు ఎక్కువ, చింతపండు ఇంకా తగ్గించాలి. తోలుతోనే పెద్ద ముక్కలు కోయండి, టెంక కూడా వేయండి, టెంక చీకడానికి మా ఇంట్లో ఇప్పటికీ పోటీ.

నూనె ఏదంటే, మా అమ్మ నువ్వుల నూనె వాడేది, నేను ఇక్కడికొచ్చాక గానుగ చెనిక్కాయ (వేరుశనగ) నూనె వాడుతున్నాను. రెండూ బాగుంటాయి. వాసన లేని రిఫైన్డ్ నూనెతో కూడా అవుతుంది, కానీ మర్నాడు పైన తేలే ఆ ఎర్రటి నూనెలో రుచి ఉండదు.

గిన్నె గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు లోతైన గిన్నెలో ముక్కల మీద ముక్కలు పేర్చారు. వెడల్పాటి గిన్నె కావాలి, ముక్కలు ఒకే వరసలో, మహా అయితే ఒకటిన్నర వరసలో పట్టాలి. మట్టి చట్టి ఉంటే మంచిది, పొయ్యి ఆపాక కూడా వేడి నిదానంగా దిగుతుంది, ముక్కకి పులుసు పడుతుంది. కొత్త చట్టి అయితే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మర్నాడు బియ్యం కడిగిన నీళ్లు మరిగించి పారబోసి, లోపల నూనె రాసి ఆరబెట్టాలి. ఆదివారానికి టైం సరిపోకపోతే మందపాటి స్టీలు గిన్నె చాలు. అల్యూమినియం వద్దు, కళాయి లేని ఇత్తడీ వద్దు, చింతపండు పులుపు ఆ లోహాన్ని తింటుంది. మా అత్తవారింట్లో అల్యూమినియం తపేలాలో పులుసు రాత్రంతా ఉంచితే పొద్దున రంగు తేడా, నాలిక మీద ఒకలాంటి లోహపు రుచి, నాకు ఇంకా గుర్తుంది.

ఇక వంట. చింతపండు వేడినీళ్లలో నానబెట్టి చిక్కగా పిండుకోండి, తర్వాత నీళ్లు కలిపి మొత్తం ముప్పావు లీటరు చేయండి. నూనె కాగాక చెంచా ఆవాలు, చిటికెడు మెంతులు. మెంతులు బంగారు రంగు దాటి నల్లబడితే నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టండి, ఆ చేదుని ఏదీ కప్పలేదు. ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి మెత్తబడి అంచులు రంగు తిరిగేదాకా వేయించాలి, తొందరపడకండి, పులుసుకి చిక్కదనం ఇచ్చేది ఇదే. తెల్లగడ్డ, తర్వాత టమాటాలు, గుజ్జు అయ్యేదాకా. ఇప్పుడు మంట బాగా తగ్గించి పసుపు, కారం వేసి, వెంటనే అర గ్లాసు చింతపండు నీళ్లు పోయండి. కారం వట్టి నూనెలో పది సెకన్లు ఎక్కువున్నా మాడుతుంది. అంచుల్లో నూనె కనిపించాక మిగతా చింతపండు నీళ్లు, ఉప్పు.

ఇక్కడి నుంచి ఇరవై నిమిషాలు మరగాలి. మొదట్లో తెల్లటి నురగ, పచ్చి చింతపండు వాసన, బుడగలు చిన్నవిగా గబగబా వస్తాయి. పోనుపోను బుడగలు పెద్దవై "బుడక్... బుడక్" అని బరువుగా పగులుతాయి, పైన ఎర్రటి నూనె చుక్కలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. గరిటె వెనకవైపు పులుసు అంటుకుని మెల్లగా జారాలి. అప్పుడు రుచి చూడండి. ఈ దశలో ఉప్పు, పులుపు, కారం మూడూ నాలిక మీద కొంచెం ఎక్కువే అనిపించాలి. ఇప్పుడే సరిగ్గా ఉందనిపిస్తే చేప పడ్డాక చప్పబడుతుంది, ఎందుకంటే ముక్క కొంత లాక్కుంటుంది, తన నీళ్లు కొంత వదుల్తుంది. కొత్తవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే, తర్వాత ఉప్పు వేసి కలపాలని చూస్తారు, కలిపితే ముక్క పోతుంది.

మామిడి ముక్కలు వేసి ఐదు నిమిషాలు. తర్వాత తల ముక్కలు, వాటికి మూడు నిమిషాలు ముందు ఇవ్వాలి. తర్వాత మిగతా ముక్కలు ఒక్కొక్కటీ చేత్తో జారవిడవండి, బుట్టతో కుమ్మరించకండి. తోక ఆఖర్న. ముక్కలు పులుసులో మునిగితే చాలు. మునగకపోతే పక్కనున్న పులుసే గరిటెతో పైన పోయండి, గరిటె పని అంతటితో ఆఖరు. మంట మధ్యస్థంగా, మూత వారగా. ఐదు నిమిషాలకి గిన్నె రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని ఇటొకసారి అటొకసారి గుండ్రంగా తిప్పండి, పాలు విరక్కుండా తిప్పినంత నెమ్మదిగా. పది పన్నెండు నిమిషాలకి ముక్క తెల్లగా తేటదనం పోయి, వెన్నుముల్లు దగ్గర కండ వదులుగా కనిపిస్తుంది. దంచిన పొడి చల్లండి, కొత్తిమీర, మళ్లీ ఒకసారి తిప్పి పొయ్యి ఆపేయండి. "ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదామా" అనిపిస్తుంది. ఉంచకండి. గిన్నెలో ఉన్న వేడి ఆ ఐదు నిమిషాల పనీ చేస్తుంది.

ఆ రాత్రి మీరు రుచి చూస్తే "బాగానే ఉంది కానీ నెల్లూరులో తిన్నట్టు లేదు" అంటారు. నిజమే, ఉండదు. మీ ఫ్రెండ్ వాళ్లింట్లో మీరు తిన్నది తప్పకుండా ముందురోజుది. చల్లారే కొద్దీ ముక్కలోకి ఉప్పూ పులుపూ దిగుతాయి, తల, తోలు, ముళ్లలోంచి దిగిన జిగురు పులుసుని చిక్కబరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీస్తే పులుసు గడ్డకట్టినట్టు ఉంటుంది, భయపడకండి, అదే మంచి గుర్తు.

మా అమ్మ చట్టిని రాత్రంతా ఉట్టి మీదే ఉంచేది. మీరు మాత్రం అలా చేయకండి, మన తిరుపతి ఎండాకాలంలో అయితే మరీను. రెండు గంటల్లో చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఆదివారం ఒక గంట ముందు బయట పెట్టి, సన్నసెగ మీద పులుసు ఉడుకు పట్టేదాకా వేడి చేయండి, కలపకుండానే. మట్టి చట్టి అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మంట మీద పెట్టకండి, పగుల్తుంది.

ఇంత చెప్పినా ఒకవేళ విరిగితే? నాకూ విరిగింది, ఎన్నో ఏళ్ల క్రితం కాదు, పోయిన ఏడాదే. పది కిలోల ఆర్డర్, కొత్తగా సాయానికి వచ్చిన అమ్మాయి నా వీపు తిరగ్గానే ప్రేమగా ఒక కలుపు కలిపింది. ఏం చేశానంటే, పులుసు వడకట్టి, ముళ్లు ఏరేసి, మళ్లీ మరిగించి, కొత్త ముక్కలు తెప్పించి పెనం మీద రెండు వైపులా దోరగా కాల్చి అందులో పరిచాను. ముందే కాల్చిన ముక్క అంత తేలిగ్గా విరగదు. విరిగిన కండని ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, తెల్లగడ్డతో పొడిపొడిగా వేయించి పొరటు చేశాను, మా వాళ్లు అదే ఇంకా అడుగుతున్నారు. కాబట్టి మీకు ధైర్యం చాలకపోతే మొదటిసారి ముక్కల్ని అలా తేలిగ్గా కాల్చి వేసుకోండి, తప్పేమీ లేదు. రుచి కొంచెం మారుతుంది, పులుసు ముక్కలోకి అంతగా దిగదు.

వడ్డనకి అన్నం ఎటూ ఉంటుంది, మీ మామగారు చిత్తూరు వైపు వారైతే రాగిసంగటి చేయించండి, వేడి సంగటిలో గుంట చేసి పులుసు పోస్తే ఇంకేమీ అడగరు. పులుసు మిగిలితే సోమవారం పొద్దున దోశల్లోకి ఉంచుకోండి, ముక్కలు అయిపోయి వట్టి పులుసే మిగిలినా సరే, నెల్లూరులో ఆ దోశ కోసమే కావాలని ఎక్కువ వండుతారు. పిల్లలెవరైనా వస్తుంటే వాళ్లకి పొట్ట ముక్కలు వేయండి, అక్కడ సన్న ముళ్లు తక్కువ. తల మాత్రం ఎవరికి వేయాలో ముందే మీ ఆవిడని అడిగి పెట్టుకోండి. మా ఇంట్లో తల మామగారిదే అనుకుని ఇరవై ఏళ్లు ఆయనకే వేశాను, తీరా ఒకరోజు ఆయనే చెప్పారు, తనకి తోక ముక్క ఇష్టమని.